కాటా అక్క తగ్గించిన కిలోలు

మా ఊరి నుంచి కొండల అవతలి ఊరికి రెండు దూరాలున్నాయి. బస్సులో వెళ్తే కొండల్ని చుట్టుకుంటూ పోవాలి కాబట్టి పొద్దున ఎక్కినవాడు దీపాల వేళకి దిగుతాడు, అదీ దారిలో టైరు పంక్చరు కాకపోతే. విమానంలో అయితే నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు మా ఊళ్ళో అందరికీ కంఠతా వచ్చు. జీవితంలో విమానం ఎక్కనివాళ్ళు కూడా సొంత సొమ్ములా చెప్పుకుంటారు: "ఎంతండీ, ఇలా ఎక్కి అలా దిగడమే."

ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎక్కడానికీ దిగడానికీ మధ్య ఒక కొండ ఉంది. దాని సంగతి ఎవరూ ఎత్తరు.

నేను ఆ ఎయిర్‌పోర్టులో ఫైరింజను డ్రైవరుని. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క మంట ఆర్పాను, అదీ క్యాంటీన్ స్టవ్వుది. మిగతా కాలమంతా బండి కడగడం, తుడవడం, విమానం వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాన్ని బయట నిలబెట్టడం. నన్ను చూసి నవ్వనివాడు లేడు. ఒక మధ్యాహ్నం మాత్రం నేను ఆ బండి స్టార్టు చేసి, స్టీరింగు పట్టుకుని, ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం గురించి చెప్పాలంటే ముందు కాటా అక్క గురించి చెప్పాలి.

మా ఎయిర్‌పోర్టు అంటే ఒక రేకుల హాలు, దాని నెత్తిన టవరని పిలిచే గాజు గది, ముందు ఒక రన్‌వే, రన్‌వే చివర కంచె. వారానికి మూడు రోజులు తొమ్మిదిమంది పట్టే విమానం ఒకటి వచ్చి పోతుంది. అంత చిన్న విమానానికి పెట్టెల్నే కాదు, మనుషుల్ని కూడా తూస్తారు. బరువు తెలిస్తేనే పైలట్ ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎంత ఇంధనం పోయించుకోవాలో తేల్చుకుంటాడు. మొత్తం హద్దు దాటితే ఎవరో ఒకరు దిగిపోవాలి. చివరగా టికెట్టు కొన్నవాళ్ళే ఆ ఎవరో.

తూచే పని అక్కది. హాలు మధ్యలో నేలబారుగా ఒక కాటా, దాని ముల్లు అక్క స్టూలు వైపుకే తిరిగి ఉండేది. ముల్లు చూసి అక్క అంకె గట్టిగా కేక వెయ్యాలి, గుమ్మంలో నిలబడ్డ పైలట్ రాసుకోవాలి. అక్కడి పద్ధతే అంత, విమానం పక్కనే ఇంజను వేసుకుని ఉండేది కాబట్టి కేకలతోనే పని జరిగేది. అక్క గొంతు కూడా అందుకు తగ్గదే. ఆవిడ "డెబ్భై!" అంటే రేకులు మోగేవి.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక కాలేజీ అమ్మాయి కాటా ఎక్కింది. అక్క ఉన్న అంకె ఉన్నట్టే అరిచింది. బెంచీ మీద కుర్రాళ్ళు పకపకా నవ్వారు. ఆ పిల్ల టికెట్టు చించి పారేసి, ఏడ్చుకుంటూ బస్సెక్కిందట. ఆ రోజు నుంచి అక్క అంకె తగ్గించడం మొదలెట్టింది. బక్కవాళ్ళకి ఉన్నది ఉన్నట్టే. కాస్త బొద్దుగా ఉంటే మూడు, నాలుగు. మరీ భారీ మనిషైతే పది, పన్నెండు. మగవాళ్ళు కాటా ఎక్కగానే పొట్ట లోపలికి పీల్చేవాళ్ళు. పొట్ట పీలిస్తే బరువు తగ్గుతుందా? అయినా పాపం కష్టపడ్డారు కదా అని అక్క వాళ్ళకీ రెండు కిలోలు కొట్టేసేది.

"ఎందుకక్కా ఈ దొంగ లెక్క?" అని నేనొకసారి అడిగాను.

"ఏం పోయిందిరా? నలభై నిమిషాల దూరానికి నాలుగు కిలోలు అడ్డమా? మనిషి నవ్వు ముఖంతో విమానం ఎక్కుతుంది, అది చాలు."

బట్టల షాపు పెద్దమ్మ అయితే నెలకోసారి ఊరికే ప్రయాణం పెట్టుకునేదని నా అనుమానం. మనిషి ముల్లును మూలకి నెట్టేసేంత బరువు. కాటా మీద నిలబడి, "చూసి చెప్పవే తల్లీ" అని అక్క కళ్ళల్లోకి చూసేది. అక్క "డెబ్భై ఆరు!" అని అరిచేది. పెద్దమ్మ హాలంతా ఒకసారి కలయచూసి, కొంగు సర్దుకుని, పదహారేళ్ళ పిల్లలా విమానం వైపు నడిచేది.

ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో అక్కకీ తెలీదు, నాకూ తెలీదు. ఏమీ కాదు గనకే ఏమీ కాలేదనుకున్నాం.

అక్కకి ఒక చెల్లెలు. ఇంట్లో పేరు చిన్నది. తల్లి పోయేనాటికి ఆ పిల్లకి జడ వేసుకోవడం కూడా రాదు. అక్క పెళ్ళీ పెటాకులూ మానుకుని దాన్ని కంటికి రెప్పలా పెంచింది, నర్సు చదువు చదివించింది. చదువయ్యాక ఆ పిల్ల మూడేళ్ళు మందుల షాపు కౌంటర్లో దగ్గు మాత్రలు అమ్ముకుంటూ కూర్చుంది. ఆఖరికి ఒక పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. అది మా విమానం మామూలుగా వెళ్ళే ఊరు కాదు, ఇంకా అవతలిది. నేను చెప్పే ఆ రోజు సాయంత్రంలోగా అక్కడ చేరాలి, లేకపోతే వరసలో తర్వాత ఉన్న మనిషికి ఇచ్చేస్తామన్నారు. కావలసిన సర్టిఫికెట్టు చేతికొచ్చింది ముందురోజు సాయంత్రమే. బస్సుకి అందదు.

అదృష్టం కలిసొచ్చిందనే అందరం అనుకున్నాం. మామూలు ఊళ్ళో రన్‌వే తవ్వి పోశారు, బాగు చేస్తున్నారు. అందుకని ఆ నెల మా విమానం దాన్ని దాటి ఆ అవతలి ఊరికే వెళ్తోంది. నలభై నిమిషాలు కాస్తా గంటా అయిదు నిమిషాలయింది. దూరం పెరిగింది కాబట్టి ట్యాంకులో ఇంధనమూ పెరిగింది. చివరి సీటు అక్క తన చెల్లెలికి కొంది.

ఆ నెలలోనే ఇంకోటి జరిగింది. మొదట్నుంచీ ఆ విమానం నడిపిన కెప్టెన్ బాబాయ్ రిటైరయ్యాడు. మనిషి మాట్లాడేది తక్కువ, టీ తాగేది ఎక్కువ. ఆయన స్థానంలో కొత్త కెప్టెన్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, ప్రతిదీ రెండుసార్లు అడిగి రాసుకునే రకం. మంచివాడే.

ఆ రోజు ఎండ మామూలు ఎండ కాదు. రన్‌వే మీద గాలి ఉడుకుతున్నట్టు అల్లాడింది. గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం కర్రకి అతుక్కుపోయి వేలాడుతోంది. ఉదయం రావాల్సిన విమానం మధ్యాహ్నానికి వచ్చింది. హాల్లో పెళ్ళికి వెళ్తున్న బట్టల షాపు కుటుంబం, పెద్దమ్మా, ఆవిడ కోడళ్ళూ, తోడికోడళ్ళూ కలిసి ఎనిమిదిమంది. బరువైన చీరలు, అంతకంటే బరువైన మనుషులు. తొమ్మిదోది చిన్నది.

అక్క ఆ రోజు భలే హుషారుగా ఉంది. ఒక్కొక్కరే కాటా ఎక్కారు. అక్క కేకలు వేసింది. పెళ్ళివారు కదా అని మామూలు కంటే ఇంకాస్త ఉదారంగానే తగ్గించింది. ఆఖర్న చిన్నది ఎక్కి, "అక్కా, లావయ్యానా?" అని గుసగుసగా అడిగింది.

"యాభై ఎనిమిది!" అని అరిచి అక్క కన్నుకొట్టింది.

కొత్త కెప్టెన్ అంకెలన్నీ కూడాడు, ఇంకోసారి కూడాడు. "సరిగ్గా హద్దులో ఉందండీ, మూడు కిలోలు మిగిలాయి కూడా," అన్నాడు. చిన్నదాన్ని ముందు సీట్లో, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చెవులకి పెట్టుకునే ఫోను ఇస్తే అది పెట్టుకుని, గాజులోంచి అక్కకి చెయ్యి ఊపింది.

విమానం పరిగెత్తింది. ఇంకా పరిగెత్తింది. మామూలుగా గుడ్డ గొట్టం దగ్గరికి వచ్చేసరికి చక్రాలు లేస్తాయి. అది దాటింది. నా బండి ముందు నుంచి పోయినప్పుడు కూడా చక్రాలు నేలమీదే ఉన్నాయి. కంచె ఇంకెంతో దూరం లేదనగా బరువుగా లేచింది, కంచె మీదుగా పోయింది. అవతల పొలంలోంచి దుమ్ము రేగింది. "ఎండ," అనుకున్నాను. అలా అనుకుంటే గుండె కుదుటపడుతుందని అనుకున్నాను గానీ, పడలేదు.

హాల్లోకి వచ్చేసరికి కెప్టెన్ బాబాయ్ బెంచీ మీద ఉన్నాడు. రిటైరయ్యాక కూడా విమానం పోయే రోజు వచ్చి టీ తాగి పోవడం ఆయన అలవాటు. గ్లాసు చేతిలో అలాగే ఉంది, తాగడం లేదు. కంచె వైపు చూస్తున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు అక్కతో, "కొత్తాయనకి చెప్పావు కదా, అరవై కలుపుకోమని?"

"అరవై ఏంటి బాబాయ్?"

"నీ లెక్కకి కలిపే అరవై."

బాబాయ్ నెమ్మదిగా గ్లాసు కింద పెట్టాడు. అక్క చెప్పిన మొత్తానికి ఆయన ఇన్నేళ్ళూ నోరెత్తకుండా అరవై కిలోలు కలుపుకుని ఎగిరేవాడట. మొదటి నెలలోనే విమానం బరువుగా లేవడం చూసి కనిపెట్టాడట. అక్క మనసు నొచ్చుకుంటుందని ఆమెకు చెప్పలేదు. ఆమె ఉద్యోగం పోతుందని కంపెనీకీ చెప్పలేదు. కొత్తాయనకి అక్కే చెప్పుకుంటుందిలే అనుకున్నాడు. ఆయన కలుపుతున్న సంగతే అక్కకి తెలియకపోతే ఏం చెప్పుకుంటుంది?

వీళ్ళ మర్యాదలు తగలెయ్య. ఒకరు జనం సిగ్గు పోకుండా దాచారు, ఇంకొకరు ఆవిడ సిగ్గు పోకుండా దాచారు. విమానానికి సిగ్గుందా? ఉన్న బరువుతోనే అది ఎగరాలి.

"ఇవాళ ఎంత తగ్గించావు?" అన్నాడు బాబాయ్.

"తొంభై... ఇంకా ఎక్కువే ఉంటుందేమో. అందరూ పెద్ద మనుషులు బాబాయ్."

"ట్యాంకులో ఎక్కువ పోశారు, దూరం కదా. గాలి లేదు. ఈ ఎండకి గాలి పలచబడి రెక్కలకి పట్టుండదు..." ఆయన గోడ గడియారం వైపు చూశాడు. "మొదటి పావుగంటలో కొండ. రెండు శిఖరాల మధ్య సందులోంచి పోవాలి. అక్కడికి చేరేలోపల కావలసినంత ఎత్తుకి ఎక్కాలి. సందులోకి దూరాక వెనక్కి తిరగడానికి చోటుండదు."

"ఎక్కుతుందా?"

"ఎక్కొచ్చు. కుర్రప్పుడు నేనూ ఇలాంటి వెధవ పనులు చేసి బతికాను. ఎక్కకపోవచ్చు కూడా."

అక్క టవరు మెట్లవైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. ఎందుకాగిందో నాకు తెలుసు. విమానం వెనక్కి వస్తే మళ్ళీ తూస్తారు. ఈసారి అసలు అంకెలే రాస్తారు. హద్దు దాటుతుంది. దిగిపోయేది చివరి టికెట్టు, అంటే చిన్నది. సాయంత్రానికి ఆ ఉద్యోగం ఇంకొకరిది. ఏమీ కాదేమో, బాబాయే అంటున్నాడు కదా ఎక్కొచ్చని. నోరు మూసుకుని కూర్చుంటే గంటలో అన్నీ సర్దుకుంటాయేమో. ఆ ఆలోచనంతా ఆవిడ ముఖం మీద కనిపించింది. తర్వాత ఆవిడ చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని మెట్లెక్కడం మొదలెట్టింది. మేమిద్దరం వెనకే ఎక్కాం.

టవరాయన రేడియో ముందు కూర్చుని వేరుశనగలు తింటున్నాడు. బాబాయ్ ఆయన్ని జరగమని, మైకు అక్క చేతికిచ్చాడు. "నువ్వే చెప్పమ్మా. నేను చెప్తే నమ్మడానికి టైము పడుతుంది."

"సార్," అంది అక్క. మైకు రెండు చేతులా పట్టుకుంది. మళ్ళీ అంది, "సార్, నేను కాటా దగ్గర... నేను చెప్పిన బరువులు తప్పు సార్. వంద కిలోలు ఎక్కువున్నాయి. కొండలోకి పోవద్దు. వెనక్కి వచ్చెయ్యండి."

రేడియో గరగరలాడింది. "మళ్ళీ చెప్పండి. ఎంత?"

"వంద సార్. వంద."

కెప్టెన్ మైకు నొక్కే ఉంచినట్టున్నాడు, ఇంజను మోత వినపడుతోంది. ఆ మోతలోంచి, దగ్గర్నుంచే, ఒక ఆడగొంతు: "వద్దు సార్, వెళ్ళిపోదాం సార్, ప్లీజ్. సాయంత్రంలోగా చేరాలి నేను. అక్కా, వద్దక్కా."

అక్క కళ్ళు మూసుకుంది. తర్వాత హాలు రేకులు మోగే ఆ పాత గొంతుతో అరిచింది.

"ఏయ్ చిన్నదానా, నోర్ముయ్! సార్, తిప్పండి! మీకు దణ్ణం పెడతాను, తిప్పండి!"

"కొండ ముందే ఉంది," అన్నాడు కెప్టెన్. గొంతులో మునుపటి ఇస్త్రీ లేదు. "తిప్పు..." ఆ తర్వాత గరగర. ఆ తర్వాత అదీ లేదు.

టవరాయన పిలిచాడు, మళ్ళీ మళ్ళీ పిలిచాడు. కొండ అడ్డమొస్తే రేడియో అందదని బాబాయ్ మెల్లగా అన్నాడు. అడ్డమొచ్చిందంటే సందులోకి పోయినట్టా, కిందికి దిగిపోయినట్టా అని నేను అడగలేదు. కిందికి దిగి నా బండి స్టార్టు చేశాను. ఎక్కడికి పోతానని? కొండ దగ్గరికి రోడ్డే లేదు. అయినా చేతులు ఊరుకోలేదు.

అక్క వచ్చి రన్‌వే పక్కన ఎండలో నిలబడింది. చెప్పులు టవరు మెట్ల దగ్గరే వదిలేసినట్టుంది. ఆ సిమెంటు మీద నేను బూట్లతో నిలబడితేనే కాలుతుంది. ఆవిడ కదల్లేదు. పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందేమో అనుకుని దగ్గరికి వెళ్ళాను. దేవుడు కాదు, అంకెలు. పెద్దమ్మకి పదమూడు, పెద్ద కోడలికి పదకొండు, చిన్న కోడలికి... ఎవరికెంత తగ్గించిందో వరసగా అప్పజెప్పుకుంటోంది.

ఎంతసేపో చెప్పలేను. నలభై నిమిషాలంటే ఇలా ఎక్కి అలా దిగడమేననే మనుషుల్ని ఆ ఎండలో ఒకసారి నిలబెట్టాలి. కొండ వైపు ఆకాశం ఖాళీగా ఉంది. చివరికి ఒక చుక్క. ముందు అది గద్ద అనుకున్నాను. గద్ద కాదు.

చాలా కిందుగా వచ్చింది. కంచె దాటి గట్టిగా దిగింది, ఎగిరి మళ్ళీ దిగింది, ఆగింది. తలుపు తెరుచుకుంది. పెళ్ళివారు దిగారు, తిట్టుకుంటూ. వాళ్ళకి కొండ సంగతి తెలీదు, విమానం ఒక పక్కకి ఒరిగి తిరిగిందని, తూకం తప్పిందని కెప్టెన్ అన్నాడని మాత్రమే తెలుసు. పెద్దమ్మ అక్క ముందుకు వచ్చి, "పెళ్ళి వేళకి మమ్మల్ని ఇలా చేశావేమే? తూకాలు నీకు ఇప్పుడే గుర్తొచ్చాయా?" అంది. చిన్నది ఆఖర్న దిగింది. అక్క పక్కనుంచి, గోడ పక్కనుంచి పోయినట్టు పోయింది.

కొత్త కెప్టెన్ దిగలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను చక్రాలకి దిమ్మలు అడ్డం పెట్టడానికి వంగాను. ఎడమ చక్రం పైన, ఇనప కడ్డీ మధ్యలో, వేలెడంత లావు కొమ్మ ఇరుక్కుని ఉంది. ఆకులు పచ్చగా ఉన్నాయి, ఇంకా వాడలేదు. మా ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల అలాంటి చెట్టు లేదు. అది కొండమీద చెట్టు.

అక్కకి చూపించాను. ఆవిడ ఆ ఆకుల్ని వేళ్ళతో తడిమి, "పారెయ్ తమ్ముడూ. చిన్నదానికి చూపించకు. జన్మలో మళ్ళీ విమానం ఎక్కదు, నిద్ర కూడా పోదు," అంది. ఇంత జరిగాక కూడా ఆవిడ బుద్ధి ఆవిడదే.

విమానం ఆ రోజు మళ్ళీ ఎగరలేదు. మెకానిక్కులు వచ్చారు, కంపెనీ పెద్దలు వచ్చారు. అక్కకి గట్టిగా చీవాట్లు పడ్డాయి, ఉద్యోగం మాత్రం బాబాయ్ అడ్డుపడి నిలబెట్టాడు. ముల్లును జనానికి కూడా కనపడేలా తిప్పారు, పైలటే కాటా దగ్గరికి వచ్చి చూసి రాసుకునేవాడు. అక్క అసలు అంకెలే చెప్పడం మొదలెట్టింది, కానీ పెదాల మధ్యనుంచి, పక్కవాడికి కూడా వినపడనట్టు. ఊరు మాత్రం ఊరుకోలేదు. ఏమీ జరగలేదు కదా, ఎందుకింత రాద్ధాంతం చేసింది, పెళ్ళి చెడగొట్టింది, సొంత చెల్లెలి నోటి దగ్గర కూడు తీసేసింది అన్నారు. జరగనిదాన్ని ఎవరికి ఎలా చూపిస్తాం?

చిన్నది ఇల్లు వదిలి, స్నేహితురాలి గదిలో ఉంటూ, మళ్ళీ అదే మందుల షాపులో చేరింది. అక్క రోజూ ఆ షాపు ముందునుంచే డ్యూటీకి వెళ్ళేది. ఆ పిల్ల తలెత్తేది కాదు. రెండు నెలలు చూశాను. ఇక నా వల్ల కాలేదు.

కొమ్మ పారెయ్యలేదు నేను. బండిలో, సీటు వెనక దాచాను. ఒకరోజు పట్టుకెళ్ళి కౌంటరు మీద పెట్టాను. ఆకులు ఎండి గలగలలాడాయి.

"ఏంటన్నా ఇది?"

"మీ విమానం చక్రంలో ఇరుక్కుంది. వెనక్కి తిరిగినప్పుడు."

చిన్నది కొమ్మని చూసింది, నన్ను చూసింది. "నా సీటు కింద గరగరమంది," అంది నెమ్మదిగా. "ఏంటి సార్ అని అడిగితే ఏం లేదన్నాడు. ఆయన ముఖం చూసి ఇక అడగలేదు." మందులకి వచ్చినాయన రెండుసార్లు పిలిచినా ఆ పిల్లకి వినపడలేదు.

తర్వాత విమానం వచ్చే రోజున హాల్లో జనం వరసలో ఉన్నారు. చిన్నది వచ్చి వరసలో నిలబడింది, చేతిలో టికెట్టు లేదు, పెట్టె లేదు. తన వంతు రాగానే కాటా ఎక్కింది. అక్క ముల్లు వంక ఒక్కసారి చూసి, ఆ తర్వాత చెల్లెలి ముఖం వంకే చూసింది.

"చెప్పు," అంది చిన్నది.

"అరవై రెండు," అంది అక్క, పెదాల మధ్యనుంచి.

"వినపడలేదు. గట్టిగా చెప్పు. వంద కిలోలని ఆ రోజు చెప్పినట్టు చెప్పు."

అక్క స్టూలు మీంచి లేచింది. ముఖం తుడుచుకుని నోరు తెరిచింది.

"అరవై రెండు!"

రేకులు మోగాయి. బెంచీల మీద వాళ్ళు ఉలిక్కిపడి చూశారు. చిన్నది ఏడుస్తోంది, దిగడం లేదు.

"దిగవే," అంది అక్క, "వెనక జనం ఉన్నారు." అని, దిగడానికి చెయ్యి అందించి, ఆ చెయ్యి మళ్ళీ వదల్లేదు.